ప్రెషర్ కుక్కర్‌లో స్వీడిష్ మీట్‌బాల్స్: చిట్లకుండా ఎలా చేయాలి?

“కుక్కర్‌లో మీట్‌బాల్స్ పెట్టాను, మూత తీస్తే కీమా కూర కనిపించింది” అని చెప్పేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. వాళ్లను నేను అడిగేది ఒక్కటే. మూత ఎలా తీశారు? విజిల్ పైకెత్తి ఆవిరి వదిలేశామనో, కుళాయి కింద పెట్టామనో చెబుతారు. తెచ్చిన కీమా మంచిదే, ఉప్పూ మిరియాలూ సరిపోయాయి, గంటసేపు నిలబడి ఉండలు చేశారు. ఆఖరి అర నిమిషంలో అదంతా పాడైపోయింది. నేనీ వ్యాసం రాస్తున్నది ముఖ్యంగా ఆ అర నిమిషం గురించే.

పద్నాలుగేళ్లుగా స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఉంటున్నాను. ఇక్కడ వీటిని షొట్‌బుల్లర్ అంటారు. నాకు నేర్పింది మా పక్కింటి పెద్దావిడ. ఆవిడ ఇనప పెనం మీద వెన్న వేసి, పక్కనే నిలబడి, పెనాన్ని ఊపుతూ ఉండల్ని గుండ్రంగా దొర్లిస్తూ వేయిస్తారు. ముప్పై ఉండలకైతే అంతకు మించిన పద్ధతి లేదు. కానీ మిడ్‌సమ్మర్ పండక్కి ఇంటికి పదిహేను మంది వస్తున్నారంటే వందకు పైగా ఉండలు కావాలి. అన్నింటినీ లోపలిదాకా పెనం మీదే ఉడికించాలంటే మొదటి వాయి చల్లారిపోతుంది, చివరి వాయి మాడుతుంది. అందుకే నేను రంగు వరకు పెనం మీద తెప్పించి, ఉడకడం కుక్కర్‌కు వదిలేస్తాను. గ్రేవీకి కావలసిన రసం కూడా అందులోనే తయారవుతుంది. ఓవెన్‌లో ట్రే మీద కాల్చేవాళ్లున్నారు. ఉండలు బాగానే వస్తాయి కానీ రసమంతా ట్రేకు అంటుకుని ఎండిపోతుంది, తర్వాత సాస్‌లో ఏ రుచీ ఉండదు.

కావలసినవి

నలుగురికి సరిపడా, అంటే సుమారు ముప్పై ఉండలకు: అర కిలో కీమా, 40 గ్రాముల బ్రెడ్ పొడి, 125 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు, ఒక మధ్యరకం ఉల్లిపాయ, చెంచా ఉప్పు, పావు చెంచా తెల్ల మిరియాల పొడి, పావు చెంచా ఆల్‌స్పైస్ పొడి. వేయించడానికి వెన్న. ఉడకడానికి 300 మిల్లీలీటర్ల బీఫ్ స్టాక్ (మాంసం, ఎముకలు మరిగించి తీసిన రసం), కొట్లో దొరికే స్టాక్ క్యూబ్‌ను నీళ్లలో కరిగించినదైనా ఫరవాలేదు. సాస్‌కు రెండేసి పెద్ద చెంచాల వెన్న, మైదా, 150 మిల్లీలీటర్ల క్రీమ్, ఒక చెంచా సోయా సాస్. కుక్కర్ ఐదు లీటర్లది చాలు. ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్లు ఇండియా నుంచి తెచ్చుకున్న మామూలు అల్యూమినియం కుక్కర్‌ను మరిచిపోండి, అది దానిమీద వేడెక్కదు. గాస్కెట్ వదులైతే కొత్తది వేయండి.

ఇక్కడి కొట్లలో బ్లాండ్‌ఫార్స్ అని బీఫ్, పోర్క్ సగం సగం కలిపిన కీమా దొరుకుతుంది. తినేవాళ్లకు అదే సరైనది. బీఫ్ రుచినిస్తుంది, పోర్క్ కొవ్వు మెత్తదనాన్నిస్తుంది. ఆ రెండూ తినని ఇంట్లో చికెన్ కీమాతో చేయండి, అదీ తొడ మాంసంతో. 2018లో హైదరాబాద్‌లో మొదలైన స్వీడిష్ ఫర్నిచర్ దుకాణం ఐకియాలో కూడా చికెన్‌వే పెడతారు. మటన్‌తో మాత్రం చేయకండి. మటన్ వాసన ముందు ఈ సున్నితమైన సాస్ నిలబడలేదు.

కలపడం

ముందుగా బ్రెడ్ పొడిని పాలలో పది నిమిషాలు నాననివ్వాలి. పొడిని నేరుగా కీమాలో కలిపితే అది మాంసంలోని తడినే పీల్చుకుని ఉండను గట్టిపరుస్తుంది. పాలు పీల్చుకున్న పొడి అయితే ఆ తడిని ఉండలో పట్టి ఉంచుతుంది. ఉల్లిపాయను సన్నగా తరిగి, వెన్నలో రంగు మారకుండా మెత్తగా మగ్గించి, చల్లార్చి వేయాలి. పచ్చి ఉల్లిపాయ కుక్కర్‌లో నీరు వదిలి ఉండను లోపలినుంచి వదులు చేస్తుంది.

ఆల్‌స్పైస్ అంటే గరం మసాలా లాంటి మిశ్రమం అనుకుంటారు చాలామంది. కాదు, అది ఒకే చెట్టు కాయ. మన దేశంలో దాన్ని కబాబ్ చీనీ పేరుతో అమ్ముతారు. అదే పేరుతో చలవ మిరియాలు కూడా అమ్ముతారు కాబట్టి చూసి తీసుకోండి. తోక ఉన్నవి చలవ మిరియాలు, గుండ్రంగా గోధుమ రంగులో తోక లేకుండా ఉండేది మనకు కావలసినది. అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, కొత్తిమీర ఏవీ వద్దు. ఈ వంటకం టర్కీదేనని వాదించేవాళ్లున్నారు. 1709లో పోల్టావా యుద్ధంలో రష్యా చేతిలో ఓడి, ఒట్టోమన్ (టర్కీ) సామ్రాజ్యంలో తలదాచుకుని, 1714లో తిరుగుప్రయాణమైన స్వీడన్ రాజు 12వ చార్లెస్ ఈ వంటను వెంట తెచ్చాడని 2018లో స్వీడన్ అధికారిక ట్విటర్ ఖాతాలోనే రాశారు. ఎక్కడినుంచి వచ్చినా ఇప్పుడున్న రుచి ఆల్‌స్పైస్‌దీ, వెన్నదీ, క్రీమ్‌దీ. అల్లం వెల్లుల్లి వేశారా, అది కోఫ్తా. మంచి కోఫ్తాయే కావచ్చు, షొట్‌బుల్లర్ మాత్రం కాదు.

కీమాను ఉప్పుతో కలిపి రెండు నిమిషాలు చేత్తో పిసికితే జిగురు వస్తుంది. ఆ తర్వాత మిగతావి వేసి, కలిసే వరకే కలపండి. తడి చేతులతో ఉసిరికాయంత ఉండలు చేసి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టడం తప్పనిసరి.

పెనం మీద రంగు

కుక్కర్‌లో వేడి సుమారు 120 డిగ్రీలు దాటదు. మాంసం ఎర్రగా వేగి కమ్మని వాసన రావాలంటే 140 దాటాలి. కాబట్టి పెనం మీద రాని రంగు కుక్కర్‌లో ఎన్ని నిమిషాలుంచినా రాదు. వెన్న నురగ తగ్గగానే ఉండల్ని పలచగా పరిచి, అన్ని వైపులా గోధుమ రంగు వచ్చేదాకా నాలుగు నిమిషాలు వేయించండి. లోపల పచ్చిగానే ఉంటాయి, ఉండనివ్వండి. ఆ పై పొరే కుక్కర్‌లో ఉండకు కవచం. ఉండలు తీశాక అదే పెనంలో స్టాక్ పోసి, అడుగున అంటుకున్నదంతా అట్లకాడతో గీకి కరిగించండి. ఆ పెనాన్ని సింక్‌లో పడేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. రుచిలో సగం అక్కడే ఉంది.

కుక్కర్: ఇక్కడ తొందరపడకండి

వేడి స్టాక్‌ను కుక్కర్‌లో పోసి, ఉండల్ని ఒక్కొక్కటిగా పేర్చండి. రెండు వరసలకు మించకూడదు. ఉండలు రసంలో పూర్తిగా మునగనక్కర్లేదు, ఆవిరికే ఉడుకుతాయి. ఎక్కువమందికి చేస్తుంటే రెండు విడతలుగా పెట్టండి, ఒకదానిమీద ఒకటి కుక్కకండి. గరిటె పెట్టి కలపకండి. క్రీమ్, మైదా ఇప్పుడే వేస్తే పని తగ్గుతుందనిపిస్తుంది, వేయకండి. మైదా అడుగుకు దిగి మాడుతుంది, క్రీమ్ ఆ వేడికి విరిగిపోతుంది.

మూత పెట్టి మంట పెంచండి. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి, గడియారం చూసుకుని నాలుగు నిమిషాలు. చికెన్ అయితే మూడు. “ఎన్ని విజిల్స్?” అని అడగొద్దు. మనకు చిన్నప్పటినుంచీ పప్పుకు మూడు, మటన్‌కు ఆరు అని లెక్క అలవాటు. కానీ విజిల్ రావడం మంటను బట్టి, కుక్కర్ సైజును బట్టి, లోపలి నీళ్లను బట్టి ఉంటుంది. ఒక పొయ్యి మీద నాలుగు నిమిషాల్లో ఆరు కూస్తుంది, ఇంకోదానిమీద ఒక్కటీ కూయదు. పైగా విజిల్ కూసిన ప్రతిసారీ లోపల ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి రసం కుతకుతమని ఎగిరిపడుతుంది. ఉండలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. ఈ వంటలో మొదటి విజిల్ తర్వాత రెండోది వినిపించకూడదు. వినిపించిందంటే సిమ్ ఇంకా ఎక్కువగా ఉందని అర్థం.

మరి మటన్‌కు అంతసేపు ఎందుకు పెడతాం? అది ముక్క, దాని పీచు మెత్తబడాలి. కీమాలో ఆ పీచును మిషనే తెంపేసింది. లోపల 71 డిగ్రీలు, చికెన్ అయితే 74 దాటితే చాలు, ఉడికినట్టే. అక్కడినుంచి పెట్టే ప్రతి నిమిషం మాంసాన్ని బిగిస్తుంది, కొవ్వునూ రసాన్నీ బయటికి పిండేస్తుంది. పది నిమిషాలు ఉంచి “గట్టిగా రబ్బరులా వచ్చాయి” అంటే తప్పు కీమాది కాదు.

నాలుగు నిమిషాలయ్యాక పొయ్యి ఆపండి. గాజు పలక కింద తీగలు ఎర్రగా కాలే రకం పొయ్యి అయితే ఆపినా చాలాసేపు వేడి వదలదు, కుక్కర్‌ను పక్కకు జరపండి. ఇండక్షన్ అయితే అక్కడే ఉండనివ్వచ్చు. ఎలక్ట్రిక్ కుక్కర్ అయితే వంట అయ్యాక తనంతట తానే వెచ్చగా ఉంచే బటన్‌ను ముందే ఆపేయండి.

ఇక పది నుంచి పన్నెండు నిమిషాలు దాన్ని ముట్టుకోకూడదు. విజిల్ ఎత్తకూడదు, అట్లకాడతో పొడవకూడదు, మూత మీద తడిగుడ్డ వేయకూడదు, కుళాయి కింద పెట్టకూడదు.

ఎందుకో చెప్తాను, తెలిస్తే ఇంకెప్పుడూ ఎత్తరు. మామూలుగా నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్‌లో ఒత్తిడి ఉంది కాబట్టి 120 దగ్గర కూడా నీళ్లు నీళ్లుగానే ఉంటాయి. విజిల్ ఎత్తగానే ఆ ఒత్తిడి పోతుంది, నీళ్ల వేడి మాత్రం పోలేదు. అప్పుడా నీళ్లు ఒక్క క్షణంలో, ఉన్నచోటనే మరిగిపోతాయి. కిందున్న స్టాక్ ఒక్కటే కాదు, ప్రతి ఉండ లోపల పాలు పీల్చుకున్న బ్రెడ్ పొడిలోని తడి కూడా ఆవిరవుతుంది. ఆ ఆవిరికి బయటికి దారి లేదు. ఉండను చీల్చుకునే వస్తుంది. పప్పు కుక్కర్ విజిల్ ముందే ఎత్తితే పసుపు నురగ గోడదాకా చిమ్మడం మనందరం చూసిందే. ఇక్కడ జరిగేదీ అదే. పప్పును ఎలాగూ మెదుపుతాం కాబట్టి అది పగిలినా ఎవరికీ తెలియదు. ఇది ఉండ, పగిలితే ఇంకేం మిగలదు.

చల్లనీళ్ల కింద పెట్టినా జరిగేది అదే. ఆవిరి బయటికి పోకుండా లోపలే నీరవుతుంది, ఒత్తిడి మాత్రం అంతే వేగంగా పడిపోతుంది. “నేను విజిల్ ఎత్తలేదు, నీళ్లే పోశాను” అంటే లాభం లేదు.

పన్నెండు నిమిషాల తర్వాత విజిల్‌ను వేలితో కొద్దిగా కదిపి చూడండి. సన్నగా ‘సుయ్’మన్నా సరే, వదిలేసి ఇంకో మూడు నిమిషాలు ఆగండి. అసలు శబ్దం లేనప్పుడే మూత తీయాలి. మూత లోపలికి బిగుసుకునే రకం కుక్కర్ అయితే ఆవిరి పూర్తిగా దిగితే తప్ప మూత రాదు. బలవంతంగా లాగకండి, ఉండల సంగతి అలా ఉంచి చెయ్యి కాలుతుంది. ఎలక్ట్రిక్‌దైతే మూత మీది పిన్ను దానంతటదే కిందికి పడాలి. ఆకలితో పిల్లలు చుట్టూ చేరితే కీరా ముక్కలు పెట్టండి.

మూత తీశాక కూడా రెండు నిమిషాలు కదపకండి. వేడిమీద చాలా మెత్తగా ఉంటాయి, కాస్త ఆరితే గట్టిపడతాయి. అప్పుడు చిల్లుల గరిటెతో తీసి ఒకటి విప్పి చూడండి. మధ్యలో పచ్చిదనం కనిపిస్తే మళ్లీ మూత పెట్టొద్దు, సాస్‌లో వేసి సన్నని మంట మీద ఐదు నిమిషాలు ఉడికించండి. ముఖ్యంగా పోర్క్, చికెన్ విషయంలో ఇది చూడకుండా వడ్డించకండి.

సాస్

కుక్కర్‌లో మిగిలిన రసాన్ని వడగట్టండి. పెనంలో వెన్న కరిగించి, మైదా వేసి, లేత గోధుమ రంగు వచ్చేదాకా కలుపుతూ వేయించి, రసాన్ని కొంచెం కొంచెంగా పోయండి. చిక్కబడ్డాక క్రీమ్, సోయా సాస్ వేసి మూడు నిమిషాలు సన్నగా ఉడకనిచ్చి ఉండల్ని అందులోకి జార్చండి. క్రీమ్ చిక్కటిదే కొనండి, కొవ్వు తక్కువున్నది త్వరగా విరుగుతుంది. ఉప్పు చివర్లో చూడండి, స్టాక్‌లోనూ సోయాలోనూ ఉంది కదా.

పక్కన ఏం పెట్టాలి

మెత్తగా మెదిపిన బంగాళాదుంప. దుంపల్ని ఉండలతో కలిపి కుక్కర్‌లో పెట్టకండి, వాటి సమయం వేరు. ముందే మూడు విజిల్స్ రానిచ్చి తీసేయండి, దుంపలకు ఆ లెక్క సరిపోతుంది. కీరాను పలచగా తరిగి వెనిగర్, చక్కెర, పార్స్‌లీలో అరగంట ఊరేస్తే అది ప్రెస్‌గుర్కా.

లింగన్ అనే చిన్న ఎర్రటి పండ్ల జామ్ లేకపోతే భోజనం పూర్తి కాదు. ఆ పులుపే క్రీమ్ బరువును కోస్తుంది. శరదృతువు మొదట్లో ఇక్కడి అడవుల్లో ఎవరైనా వెళ్లి కోసుకోవచ్చు. వండనక్కర్లేదు, పచ్చి పండ్లలో చక్కెర వేసి కరిగేదాకా కలిపితే చాలు, పండ్లలో సహజంగా ఉన్న బెంజోయిక్ ఆమ్లం వల్ల నెలల తరబడి నిలవుంటుంది. మన ఊళ్లో ఉన్నవాళ్లకు లింగన్ దొరక్కపోతే వాక్కాయలు తీసుకోండి. గింజ తీసి, చక్కెరతో పది నిమిషాలు ఉడికిస్తే ఎర్రగా, పుల్లగా, దాదాపు అలాగే వస్తుంది. టమాటా సాస్ మాత్రం పెట్టకండి.

మిగిలినవాటిని సాస్ నుంచి వేరు చేసి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులుంటాయి. మర్నాడు సగానికి కోసి, వెన్న రాసిన రొట్టె మీద బీట్‌రూట్ సలాడ్ పరిచి, పైన పేర్చుకుని తినండి. వేడి చేయనక్కర్లేదు, చల్లగానే బాగుంటుంది.