రక్తాన్ని తిరిగి వదిలే వేళ ఊపిరితిత్తిని కాపాడుకోవడం ఎలా?

ఊపిరితిత్తుల మార్పిడిలో కుట్లు ఎంత చక్కగా పడినా, ఆగిన రక్తాన్ని తిరిగి వదిలే తీరు సరిగా లేకపోతే కొత్త అవయవం మొదటి 72 గంటల్లోనే దెబ్బతినవచ్చు. రక్తం ఒక్కసారిగా చేరగానే కణాల్లో హానికరమైన ఆక్సిజన్ రాడికల్స్ పుట్టుకొస్తాయి, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గుమిగూడతాయి, కేశనాళికల గోడలు సడలి ద్రవం గాలిగదుల్లోకి ఊరుతుంది.

జాగ్రత్త దాత వద్దే మొదలు కావాలి. అవయవాన్ని భద్రపరిచే, పొటాషియం తక్కువగా ఉండే చల్లని డెక్స్‌ట్రాన్ ద్రావణాన్ని గుండె నుంచి ఊపిరితిత్తికి రక్తం తెచ్చే పుపుస ధమనిలోకి ఎక్కించాక, సిరల వైపు నుంచి ఎదురుదిశలోనూ పంపితే మిగిలిన రక్తపు గడ్డలు కొట్టుకుపోతాయి. ఊపిరితిత్తిని ముడుచుకుపోనివ్వకుండా, అలాగని బిగిసేలా ఉబ్బించకుండా, సుమారు 50 శాతం ఆక్సిజన్ ఉన్న గాలితో ఓ మోస్తరుగా నింపి భద్రపరచాలి. ఆ గాలిలోని ఆక్సిజన్‌తోనే కణాలు కొంతసేపు బతుకుతాయి, ఈ వెసులుబాటు గుండెకూ కాలేయానికీ లేదు.

అసలైన ఓర్పు కావలసింది క్లాంప్ (రక్తనాళాన్ని నొక్కిపట్టే బిగింపు) తీసేటప్పుడు. కొత్త ఊపిరితిత్తి సిరలను గుండె ఎడమ కర్ణికకు కలిపే కుట్టును బిగించకముందే ధమని క్లాంప్‌ను కాస్త సడలించి, లోపల మిగిలిన ద్రావణాన్నీ గాలి బుడగలనూ బయటికి పోనివ్వాలి. తర్వాత ముడివేసి, క్లాంప్‌ను దాదాపు 10 నిమిషాలపాటు కొద్దికొద్దిగా వదలాలి. గంటల తరబడి నిలబడి అలసిన బృందానికి ఆ పది నిమిషాలు ఎంతకీ గడవవు, అయినా వాటిని కుదించకూడదు. అంతసేపూ ఒకరు పుపుస ధమని పీడనాన్ని, మరొకరు శ్వాసగొట్టాన్ని గమనిస్తూ ఉండాలి. గొట్టంలోకి గులాబీ రంగు నురుగు ఎగదన్నితే ద్రవం ఊరడం మొదలైనట్లే.

ఈ దశలో వెంటిలేటర్‌లో ఆక్సిజన్‌ను, రోగి తట్టుకోగలిగితే, 40 శాతం లోపే ఉంచడం మేలు. ప్రతి శ్వాసకూ ఇచ్చే గాలి కిలోకు 6 మిల్లీలీటర్లకు దగ్గరగా ఉండాలి. లోపల ఉన్నది దాత ఊపిరితిత్తి గనుక, దాత ఎత్తును బట్టి అంచనా వేసిన బరువునే లెక్కలోకి తీసుకోవాలి. సెలైన్ అవసరమైనంత మేరకే ఎక్కించాలి. ఊపిరితిత్తి రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను ముందుజాగ్రత్తగా అందరికీ పీల్పించడం వల్ల మేలు జరుగుతుందని రుజువు కాలేదు కాబట్టి, దానిని ఆక్సిజన్ పడిపోయినప్పటికి దాచుకోవడం మంచిది.

రక్తంలోని ఆక్సిజన్ పీడనాన్ని, పీల్చే గాలిలోని ఆక్సిజన్ భాగంతో భాగించి 24, 48, 72 గంటలకు చూడాలి. ఆ నిష్పత్తి 200 కంటే తగ్గి, ఎక్స్‌రేలో కొత్త ఊపిరితిత్తిపై తెల్లని నీడలు కనిపిస్తే గాయం తీవ్రమైనదని గ్రహించి, వెంటిలేటర్ ఒత్తిడిని పెంచుకుంటూ పోయే బదులు ఎక్మో (శరీరం బయటే రక్తానికి ఆక్సిజన్ అందించే యంత్రం) గురించి తొందరగా నిర్ణయం తీసుకోవాలి.