పంపిన డబ్బు దారిలో ఎక్కడ తరుగుతోంది? సమస్య - పరిష్కారం

మా పిన్ని కొడుకు సూరత్‌లో మగ్గాల మిల్లులో పనిచేస్తాడు. ఒడిశాలోని మా పర్లాకిమిడి వైపు నుంచి, గంజాం జిల్లా నుంచి అలా వెళ్లినవాళ్లు ఇంటికొకరు ఉంటారు. నెలనెలా ఇంటికోసం వాడు 8,000 పక్కన పెడతాడు. పిన్ని చేతికి వచ్చేది 7,840. ఆ 160 ఎటు పోతోందో చూద్దామని ఒకరోజు ఆవిడ దగ్గర కూర్చుని చీటీలన్నీ పరిచి లెక్క వేశాను. ఏడాదికి 1,920 రూపాయలు.

చాలామంది నన్ను అడిగేది ఏ యాప్‌లో చార్జీ తక్కువ అని. అసలు కోత యాప్‌లో లేదు. నోట్లు ఖాతాలోకి వెళ్లేచోట ఒకసారి, ఖాతాలోంచి మళ్లీ నోట్లయి బయటికి వచ్చేచోట ఒకసారి పడుతోంది. కింద రాసిన సమస్యల్లో చాలావాటికి మూలం అదే.

సమస్య: పంపింది ఒకటి, అందింది ఒకటి

సూరత్‌లో మా తమ్ముడు జీతం ఏటీఎంలో తీసి, ఆ నోట్లు వీధి చివర షాపులో ఇచ్చేవాడు. షాపువాడు వందకు రూపాయి చొప్పున తీసుకుని పిన్ని ఖాతాలో వేసేవాడు. ఖాతా చూపించకుండా నగదు ఇచ్చి పంపితే ఒకసారికి 5,000 మించకూడదు. అందుకని 8,000 రెండు ముక్కలయ్యేది, రెండు చీటీలు వచ్చేవి. వెనకటి మనీ ఆర్డరుకి ఇరవైకి రూపాయి, అంటే ఎనిమిది వేలకు 400 పోయేది. దానితో పోల్చుకుని ఎనభై రూపాయలేగా అనుకుంటారు. ఇటు పిన్ని, ఆధార్ వేలిముద్ర వేస్తే నగదు ఇచ్చే సెంటర్లో డబ్బు తీసుకుంటే వెయ్యికి పది చొప్పున ఇంకో ఎనభై పోయేది.

నాకు బాధ కలిగింది ఎక్కడంటే, వాడి జీతం పడేది బ్యాంకు ఖాతాలోనే. ఖాతాలో ఉన్న డబ్బును బయటికి తీసి, ఇంకో ఖాతాలో వేయించడానికి చార్జీ కడుతున్నాడు. కారణం అడిగితే, డెబిట్ కార్డు గడువు అయిపోయింది, కార్డు లేనిదే యూపీఐ రాదన్నాడు.

పరిష్కారం: కార్డు అక్కర్లేదు. ఆధార్ నంబరు, ఓటీపీతో యూపీఐ పిన్ పెట్టుకోవచ్చు. కాకపోతే బ్యాంకులోనూ ఆధార్‌లోనూ ఒకే ఫోన్ నంబరు ఉండాలి. చాలామందికి ఇక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే ఊరు మారినప్పుడల్లా సిమ్ మారుస్తారు. ముందు బ్యాంకుకు వెళ్లి నంబరు మార్పించుకోండి. ఖాతా నుంచి ఖాతాకు మనిషికి మనిషి పంపే యూపీఐకి చార్జీ లేదు. అమ్మకు ఫోన్ లేకపోయినా ఇబ్బంది లేదు, ఆవిడ ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ కొట్టి పంపవచ్చు. మొదటిసారి ఒక్క రూపాయి పంపి, పాస్‌బుక్కులో పడిందని చూసుకున్నాక మిగతాది పంపండి. కూలి నోట్లలోనే ఇచ్చేచోట పనిచేస్తుంటే, ఆ డబ్బును అక్కడే సొంత ఖాతాలో వేసుకుని అప్పుడు పంపాలి. వేరే శాఖలో నగదు వేస్తే చార్జీ ఉందా అని మాత్రం కౌంటర్లో ముందే అడగాలి, అది బ్యాంకును బట్టి మారుతుంది.

సమస్య: వేలిముద్ర వేసినప్పుడల్లా కటింగ్

ఇది మన దగ్గర ఎంత మామూలైపోయిందంటే, "ఎంత కట్ చేశావు బాబూ?" అని అడగడానికి కూడా పెద్దవాళ్లు మొహమాటపడతారు.

బ్యాంకు తరఫున పనిచేసే ఏజెంటు కస్టమర్ దగ్గర నేరుగా ఏ చార్జీ తీసుకోకూడదు. ఇది రిజర్వు బ్యాంకు నిబంధన. వాళ్లకు కమీషన్ ఇవ్వాల్సింది బ్యాంకు. బ్యాంకే ఏదైనా చార్జీ వేస్తే అది పాస్‌బుక్కులో కనిపిస్తుంది, చేతిలో నోట్లు తగ్గించి ఇవ్వడం ఉండదు. సెంటర్ నడిపే కుర్రాడూ మన ఊరివాడే, ఆ కమీషన్‌తో షాపు అద్దె గిట్టదని వాడి బాధ వాడిది. అది నాకు తెలుసు. అయినా వితంతు పింఛను మీద పది, ఇరవై కోయడం న్యాయం కాదు. గొడవ అక్కర్లేదు. రసీదు అడగండి. రసీదులో అంకె, చేతిలో అంకె ఒకటి కాకపోతే తేడా ఎందుకో అడగండి. అలా గట్టిగా అడిగిన రోజు నుంచి మా పిన్నికి కటింగ్ ఆగింది. ఆగకపోతే పోస్టాఫీసు, బ్యాంకు శాఖ, ఏటీఎం ఉండనే ఉన్నాయి.

దీనికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. "ఫెయిల్ అయిందమ్మా, మళ్లీ వేలు పెట్టు" అంటారు. రెండుసార్లూ ఖాతాలోంచి పోతుంది, చేతికి ఒకసారే వస్తుంది. కొండ గ్రామాల్లో సిగ్నల్ మధ్యలో తెగినప్పుడు నిజంగానే ఇలా జరుగుతుంది, ప్రతిసారీ మోసం కాదు. రెండోసారి వేలు పెట్టేముందు బ్యాలెన్స్ చూపించమనండి, ఫెయిలైన రసీదు కూడా తీసుకోండి. డబ్బు చేతికి రాకుండా ఖాతాలో తగ్గితే, ఆ రోజు తర్వాత 5 రోజుల్లోగా బ్యాంకే తిరిగి వేయాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి. 2019 అక్టోబరు నుంచి ఈ నియమం అమల్లో ఉంది. మనం అడగకపోయినా ఇవ్వాలని అందులో రాసి ఉంది, కానీ అడిగితే త్వరగా వస్తుంది.

సమస్య: సుభద్ర డబ్బు పడిందన్నారు, పాస్‌బుక్కులో లేదు

ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకు ఇచ్చే సుభద్ర పథకం డబ్బు రాఖీ పౌర్ణమికి ఒక 5,000, మార్చి 8న ఇంకో 5,000 వస్తాయి కదా. ఆ రోజుల్లో బ్యాంకుల ముందు ఆడవాళ్లు ఖాళీ పాస్‌బుక్కులతో నిలబడి ఉండడం చూస్తుంటాను. డబ్బు ఎక్కడికీ పోదు, వేరే ఖాతాలో పడి ఉంటుంది.

ప్రభుత్వ డబ్బు ఆధార్‌ను పట్టుకుని వెళ్తుంది. ఆధార్‌తో చివరగా ఏ బ్యాంకును అనుసంధానం చేశారో అక్కడ పడుతుంది. సిమ్ కొనడానికో రీచార్జికో వెళ్లినప్పుడు వేలిముద్ర వేయించుకుని కొత్త పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరిచి ఉంటారు, మనకు ఆ సంగతే గుర్తుండదు. ఆధార్ వెబ్‌సైటులో బ్యాంకు సీడింగ్ (అనుసంధానం) స్థితి చూస్తే ఆ బ్యాంకు పేరు కనిపిస్తుంది. మీకు కావలసిన బ్యాంకు శాఖకు వెళ్లి, ఆధార్ సీడింగ్ ఫారం నింపి, సబ్సిడీ డబ్బు ఇక్కడికే రావాలని సంతకం చేయండి. ఈ లోపు ఆ రెండో ఖాతాలో పడినది వేలిముద్రతో తీసుకోవచ్చు, ఆ బ్యాంకు పేరు చెప్పి తీయమనండి. ఇకమీదట ఎవరు వేలు పెట్టమన్నా దేనికని అడగండి. ఆధార్ యాప్‌లో వేలిముద్రలకు తాళం వేసుకునే సౌకర్యం ఉంది, అవసరమైన రోజున తెరిస్తే చాలు.

సమస్య: పాస్‌బుక్కులో 27 రూపాయల 14 పైసలు

ఇది ఏటీఎం చార్జీ. 23 రూపాయలు, దాని మీద జీఎస్టీ. 2025 మే 1 నుంచి ఈ రేటు. సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు 5 సార్లు, మెట్రో నగరాలు కాని మనలాంటి చోట్ల వేరే బ్యాంకు ఏటీఎంలో 5 సార్లు ఉచితం. బ్యాలెన్స్ చూసుకోవడం కూడా లెక్కలోకి వస్తుందని చాలామందికి తెలియదు. పింఛను పడిందా అని నాలుగుసార్లు బటన్ నొక్కితే ఉచితంలో నాలుగు అయిపోయినట్టే. బ్యాలెన్స్‌కు మిస్డ్ కాల్ చేయండి, నెలకు రెండుసార్లలో కావలసినదంతా తీసుకోండి. జన్‌ధన్ లాంటి జీరో బ్యాలెన్స్ ఖాతా అయితే ఏటీఎం, శాఖ అన్నీ కలిపి నెలకు 4 సార్లు నగదు తీయడం వరకే ఉచితమన్న హామీ అని గుర్తుంచుకోండి.

సమస్య: రాష్ట్రం దాటితే ఎక్కువ పడుతుందన్నారు

పడదు. మన ఇల్లు ఇటు ఒడిశాలో, బంధువుల ఇల్లు అటు ఆంధ్రలో. సామాను పాతపట్నంలో కొంటాం, పెళ్లి సంబంధాలు టెక్కలిలో చూస్తాం. యూపీఐకి ఒడిశా, ఆంధ్ర అనే తేడా లేదు. ఎవరైనా "అదర్ స్టేట్ చార్జి" అంటే అది వాళ్లు సొంతంగా పెట్టుకున్నదే.

సమస్య: ఫోన్‌పే చేస్తే రెండు శాతం ఎక్కువ ఇమ్మంటున్నారు

బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐకి 2020 జనవరి నుంచి దుకాణదారుకు కూడా చార్జీ లేదు. వాలెట్ నుంచో, రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపో 2,000 పైన కడితే దుకాణం వైపు కొంత పడుతుంది. అదీ కొనేవాడి మీద వేయాల్సింది కాదు. "ఖాతా నుంచే కడుతున్నా" అని చెప్పండి.

యాప్‌లో రీచార్జి చేస్తే రూపాయో రెండో ఎక్కువ పడుతున్నది మాత్రం నిజం, కొన్ని యాప్‌లు సేవా రుసుము వేస్తున్నాయి. సిమ్ కంపెనీ సొంత యాప్‌లో పోల్చి చూసి చేసుకోండి.

సమస్య: డబ్బు పోయింది, అవతలివాళ్లకు రాలేదు

టెన్షన్‌లో మళ్లీ పంపకండి. సాధారణంగా బ్యాంకు సర్వర్ దగ్గర ఆగి ఉంటుంది. మనిషికి పంపినదైతే మరుసటి రోజులోగా, దుకాణానికి కట్టినదైతే 5 రోజుల్లోగా వెనక్కి రావాలి. రాకపోతే 12 అంకెల లావాదేవీ నంబరుతో యాప్‌లో, బ్యాంకులో ఫిర్యాదు పెట్టండి. బ్యాంకు 30 రోజుల్లో పట్టించుకోకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. మోసపోయినట్టు అనిపిస్తే మాత్రం ఒక్క గంట కూడా ఆగకండి, 1930కి ఫోన్ చేయండి. డబ్బు రావడానికి పిన్ కొట్టమన్నారంటే అది మోసమే. పిన్ ఉన్నది పంపడానికి, బ్యాలెన్స్ చూసుకోవడానికి; డబ్బు రావడానికి దానితో పనిలేదు.

సమస్య: విశాఖ ఆస్పత్రిలో లక్ష దాటింది, యూపీఐ ఆగిపోయింది

మామూలు పరిమితి రోజుకు లక్ష. ఆస్పత్రికి, కాలేజీకి నేరుగా కడితే 5 లక్షల వరకు వీలుంది, కానీ అది ఆస్పత్రి స్కానర్‌కు కట్టినప్పుడే, అక్కడున్న బావగారికి పంపితే కాదు. ఫోన్‌లో నెఫ్ట్ (బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపే ఇంకో పద్ధతి) చేస్తే సేవింగ్స్ ఖాతాకు చార్జీ లేదు, ఆదివారం రాత్రయినా వెళ్తుంది. అదే శాఖ కౌంటర్లో ఫారం నింపి చేయిస్తే లక్ష వరకు 5 రూపాయలకు, రెండు లక్షల వరకు 15కు మించకూడదు, పైన జీఎస్టీ.

ఇంతకీ ఏది పెట్టుకోవాలి?

నన్నడిగితే యాప్ కంటే ముందు బ్యాంకును ఎంచుకోండి. అమ్మ నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఏ బ్యాంకు శాఖ, ఏటీఎం ఉన్నాయో ఆ బ్యాంకు మంచిది. సూరత్‌లో ఉన్న కొడుక్కి ఏది దగ్గరన్నది లెక్కలోకే రాదు, వాడు పంపేది ఫోన్‌లో. ఒకే ఖాతాకు మూడు యాప్‌లు పెట్టుకున్నా ఆ బ్యాంకు సర్వర్ ఆగితే మూడూ ఆగుతాయి. వేరే బ్యాంకులో రెండో ఖాతా ఉంటే పని జరుగుతుంది. యాప్‌లో తెలుగు పెట్టుకోండి. ఒడియా మాట్లాడగలిగినా చదవలేని పెద్దవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, తెలియని అక్షరాల మీద వేలు పెట్టించకండి.

బటన్ ఫోన్ ఉన్నవాళ్లు *99# కొట్టి యూపీఐ వాడుకోవచ్చు. ఇంటర్నెట్ అక్కర్లేదు, 2022 నుంచి దానికి సిమ్ కంపెనీ చార్జీ కూడా లేదు. మా పిన్ని ఇప్పుడు అందులోనే బ్యాలెన్స్ చూసుకుంటోంది. పోయిన నెల ఎనిమిది వేలూ వచ్చాయని ఆవిడే నాకు ఫోన్ చేసి చెప్పింది.