అండాశయ గడ్డ రిపోర్టు చదవడం: 4వ పాఠం – డెర్మాయిడ్‌లో పుట్టే క్యాన్సర్

పోయిన పాఠంలో ఇచ్చిన మాదిరి రిపోర్టులో ‘తిత్తి లోపలి గోడకు స్క్వేమస్ ఎపిథీలియం ఉంది’ అన్న వాక్యం చూసి, సగం మందికి పైగా క్యాన్సర్ అని జవాబు రాశారు. ముందు ఇది తేలాలి.

డెర్మాయిడ్, అంటే మెచ్యూర్ సిస్టిక్ టెరటోమా, లోపల చర్మం, వెంట్రుకలు, కొవ్వు, ఒక్కోసారి పళ్లు కూడా ఉంటాయి. చర్మం పైపొరే స్క్వేమస్ ఎపిథీలియం. అది అక్కడ కనపడటం మామూలే. అదే పొర కణాలు అదుపు తప్పి గోడలోకి చొచ్చుకుపోతే ‘ఇన్వేసివ్ స్క్వేమస్ సెల్ కార్సినోమా’ అని రాస్తారు; అది క్యాన్సర్. డెర్మాయిడ్లలో క్యాన్సర్‌గా మారేవి సుమారు నూటికి ఒకటి రెండుకు మించవు. మారినవాటిలో ఎక్కువ భాగం, సుమారు 80 శాతం, ఈ స్క్వేమస్ రకమే. అడినోకార్సినోమా (గ్రంథి కణాల్లో పుట్టే క్యాన్సర్), థైరాయిడ్ కణజాలంలో పుట్టే పాపిల్లరీ కార్సినోమా ఇంకా అరుదు.

ఇక నన్ను బాగా బాధపెట్టే పొరపాటు ‘ఇమ్మెచ్యూర్ టెరటోమా’ దగ్గర జరుగుతుంది. మెచ్యూర్ గడ్డ ముదిరి ఇమ్మెచ్యూర్ అవుతుందని, ఆ తర్వాత క్యాన్సర్ అవుతుందని మీలో చాలామంది మెట్లు కట్టారు. అలాంటి మెట్లు లేవు. ఇమ్మెచ్యూర్ టెరటోమా వేరే జబ్బు. ఎక్కువగా చిన్న వయసు ఆడపిల్లల్లో వస్తుంది. పిండదశ నాటి నాడీకణజాలం ఎంతుందో చూసి గ్రేడు (తీవ్రత స్థాయి) ఇస్తారు. రక్తంలో ఏఎఫ్‌పీ (కొన్ని గడ్డలు వదిలే ప్రోటీన్) పెరగొచ్చు. డెర్మాయిడ్‌లో పుట్టిన స్క్వేమస్ క్యాన్సర్ సాధారణంగా 45–50 ఏళ్లు దాటాక, ఏళ్ల తరబడి ఉండిపోయిన పెద్ద గడ్డలో కనపడుతుంది. రక్తంలో ఎస్‌సీసీ యాంటిజెన్ (స్క్వేమస్ క్యాన్సర్‌లో పెరిగే ప్రోటీన్) పెరగొచ్చు. రెండింటికీ వాడే కీమో మందులు కూడా సాధారణంగా వేరు. 18 ఏళ్ల అమ్మాయి రిపోర్టు, 58 ఏళ్ల అమ్మ రిపోర్టు పక్కపక్కన పెట్టి ఒకే దారిలో చదివితే మొదటి అడుగులోనే తప్పుతాం. అందుకే వయసు చూడకుండా రెండో లైనుకు వెళ్లొద్దని ఇంతగా చెబుతున్నాను.

రిపోర్టు చేతికి రాగానే నేను చివరి లైనుకు పోను. గడ్డను కోసినప్పుడు కంటికి కనపడినదాని వివరణ ముందు చదువుతాను. పది సెంటీమీటర్లు దాటిందా, గోడలో గట్టి భాగం ఉందా, ఆ గట్టి భాగం నుంచి ముక్కలు తీసి చూశారా? గట్టి భాగం ఉందని రాసి, అక్కడి ముక్కల ప్రస్తావన లేకపోతే డాక్టరుగారిని అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. క్యాన్సర్ ఉన్నప్పుడు గడ్డ బయటి పొర చెక్కుచెదరకుండా ఉందా, ఆపరేషన్‌లో చిట్లిందా అన్నది కూడా ముఖ్యం. గడ్డ ఒక్క అండాశయానికే పరిమితమైనా, చిట్లితే స్టేజి (జబ్బు ఎంతవరకు పాకిందో చెప్పే దశ) 1ఏ కాస్తా 1సీ అవుతుంది.

అభ్యాసం (రెండూ పాఠం కోసం అల్లినవి):

అ) వయసు 56. ఎడమ అండాశయం, 14 సెం.మీ. తిత్తి, వెంట్రుకలు, గోడలో 3 సెం.మీ. గట్టి ముద్ద. పరీక్షించిన ముక్కలు: పలుచటి గోడ నుంచి రెండు. తీర్పు: మెచ్యూర్ సిస్టిక్ టెరటోమా.

ఆ) వయసు 17. కుడి అండాశయం, 16 సెం.మీ., ఎక్కువ భాగం గట్టిగా ఉంది. పిండదశ నాడీకణజాలం ఉంది, గ్రేడు 2. గడ్డ బయటి పొర చెక్కుచెదరలేదు.

ఒక్కోదానికి డాక్టరుగారిని అడగాల్సిన మూడు ప్రశ్నలు రాయండి. ‘అ’లో తీర్పును నమ్మాలా వద్దా, ఏ వాక్యం వల్ల అలా అనుకున్నారో కూడా రాయండి. జబ్బు పేరు మాత్రమే రాసి పంపిన జవాబులు దిద్దను.