కమ్యూనిటీ హాలులో ఆరోగ్య, భద్రతా శిబిరం: తరచూ వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

సమస్య: వృద్ధులు వచ్చారు గానీ, పనిచేసే వయసువారు రాలేదు.

తేదీని, వేళను ముఖ్య అతిథి వీలునుబట్టి నిర్ణయించడమే దీనికి సాధారణ కారణం. ఉదయం పది గంటలకు మొదలయ్యే శిబిరానికి రావాలంటే కూలీలు ఆ రోజు కూలి వదులుకోవాలి. రక్తపోటు, మధుమేహ పరీక్షలు ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ అవసరం కనుక, వీరు రాని శిబిరం సగం శిబిరమే. స్థానికులకు పని లేని రోజును ఎంచుకుని, సంతనూ పెళ్లి ముహూర్తాలనూ చూసుకుని, ఉదయం ఆరున్నరకే పరీక్షలు ప్రారంభించండి. సభ, సన్మానాలు తప్పనిసరైతే వాటిని పరీక్షలు ముగిశాక పెట్టుకోవచ్చు.

సమస్య: చక్కెర పరీక్ష ఫలితాలను ఎవరూ నమ్మడం లేదు.

కొందరు టిఫిన్ చేసి, కొందరు టీ తాగి, మరికొందరు పరగడుపున వస్తారు. అందరి అంకెలూ ఒకే వరుసలో రాస్తే అర్థం లేకుండా పోతుంది. పండు తిన్న చేతిని కడుక్కోకపోయినా గ్లూకోమీటరు ఎక్కువ చూపుతుంది. కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా రావాలని ముందురోజు సాయంత్రమే మైకులో చెప్పించండి. అయితే చక్కెర మందులు వాడేవారు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవారు, తమ వైద్యుణ్ణి అడిగిన తరువాతే అలా రావాలని కూడా అదే ప్రకటనలో చేర్చాలి. సబ్బుతో చేతులు కడిగి, తడి లేకుండా తుడుచుకున్నాకే వేలి నుంచి రక్తం తీయాలి. చీటీ మీద ‘పరగడుపున’ లేదా ‘తిన్న తరువాత’ అని తప్పక రాయాలి. పరగడుపున 126 (డెసిలీటరుకు మిల్లీగ్రాములు) లేదా అంతకన్నా ఎక్కువ వస్తే, అది వ్యాధి నిర్ధారణ కాదనీ, ప్రయోగశాలలో మళ్లీ పరీక్షించుకోవాలనీ వివరించండి. ప్రతి ఒక్కరికీ కొత్త సూదే వాడాలి. వాడిన సూదులకు గుచ్చుకోని గట్టి డబ్బా ఉండాలి.

సమస్య: దాదాపు అందరికీ రక్తపోటు ఎక్కువగా చూపిస్తోంది.

వరుసలో నిలబడి అలసిన మనిషిని కూర్చోబెట్టిన వెంటనే పట్టీ చుట్టడం, కొలుస్తుండగా మాట్లాడించడం, లావు చేతికి చిన్న పట్టీ వాడటం అంకెను పెంచుతాయి. బల్లకు ముందు కొన్ని కుర్చీలు వేసి, ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా కూర్చోనివ్వండి. చేతిని గుండె ఎత్తులో ఉంచి కొలిచినప్పుడు 140/90 దాటితే కాసేపాగి మరోసారి కొలవాలి. 180/120 దాటి, ఛాతీ నొప్పో ఆయాసమో ఉంటే 108కి ఫోన్ చేయడంలో ఆలస్యం చేయకూడదు.

సమస్య: భద్రతా ప్రదర్శన చూశారు గానీ, ఎవరికీ ఏమీ గుర్తులేదు.

చూడటమే తప్ప చేయనివ్వకపోవడం దీనికి కారణం. అగ్నిమాపక కేంద్రానికి ముందుగా లేఖ రాసి సిబ్బందిని రప్పించండి. వారి పర్యవేక్షణలో మహిళలు, యువకులు స్వయంగా మంటలార్పే సిలిండరు పిన్ను లాగి, మంట మొదలుకు గురిపెట్టి ఆర్పేలా చూడండి. గ్యాసు వాసన వస్తే స్విచ్చులు ముట్టకుండా, రెగ్యులేటరు ఆపి, తలుపులు తెరిచి, బయటికి వచ్చాకే గ్యాసు లీకేజీ అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయాలన్న వరుసను వారి చేతనే చెప్పించండి.

సమస్య: జబ్బు బయటపడినవారు ఆ తరువాత ఆసుపత్రికి వెళ్లలేదు.

అన్నిటికన్నా బాధాకరమైన వైఫల్యం ఇదే. ఎందుకంటే తెలిసిన జబ్బుకు మందు అందకపోతే ఆ రోజు పడిన శ్రమంతా వృథా. చీటీ ఇచ్చి పంపేస్తే, నొప్పి లేని జబ్బును ఎవరూ పట్టించుకోరు. వెళ్లాల్సిన ఆసుపత్రి, రోజు, అక్కడ కలవాల్సిన వ్యక్తి ఆ చీటీలోనే ఉండాలి. కాబట్టి తేదీ ఖరారు చేసేముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారితో మాట్లాడి, శిబిరం తరువాతి వారంలో ఒక రోజును వీరికోసం కేటాయించమని కోరండి. పేర్ల జాబితాను, వారి అంగీకారంతో, ఏఎన్‌ఎంకూ ఆశా కార్యకర్తకూ మాత్రమే అప్పగించాలి. ఫలితాలను మైకులో చదవడం గానీ, కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం గానీ చేయరాదు. నెల తరువాత ఆ జాబితాతో కూర్చుని, ఎవరు మందులు మొదలుపెట్టారో, ఎవరు అసలు వెళ్లలేదో చూసి, వెళ్లనివారి ఇంటికి ఆశా కార్యకర్తతో పాటు నిర్వాహకులలో ఒకరు కూడా వెళ్లాలి.