స్టేడియం ఆరంభోత్సవంలో కోలాటం: దుస్తులు కుట్టించే పద్ధతి

గ్యాలరీకి జరీ కనపడదు, రంగు కనపడుతుంది. సన్న బుటాలు మానేసి పసుపు పరికిణీకి 6 అంగుళాల ఎర్ర అంచు వేయండి. గుడ్డంతా ఒక్క అద్దకంలోదే కొనాలి. తర్వాత తెచ్చిన పసుపు ఫ్లడ్‌లైట్ల కింద వేరుగా తేలుతుంది. 100 మందికి 110 జతలు కుట్టించండి. పక్క కుట్లలో అంగుళం గుడ్డ వదలండి, చివరి వారంలో మనుషులు మారకుండా ఉండరు.

అసలు తంటా జాకెట్టుతోనే. కోలలు తలపైకి ఎత్తగానే చంక దగ్గర పర్రున చిరుగుతుంది. అక్కడ 4 అంగుళాల చదరపు ముక్కను క్రాస్‌గా, అంటే నేతకు ఏటవాలుగా కత్తిరించి అతికిస్తే చెయ్యి ఆడుతుంది. ఓణీని పిన్నులకు వదలొద్దు. భుజం మీద, నడుము దగ్గర కుట్టేయండి. పరికిణీ చీలమండకు 3 అంగుళాల పైనే ఆగాలి, లేకపోతే వెనక్కి అడుగు వేసినప్పుడు మడమ కింద పడుతుంది. గజ్జెలా? అంత మైదానంలో బరువు తప్ప చప్పుడు వినపడదు.