చేరదీసిన కుక్కకు పిలుపు నేర్పడం – 2వ పాఠం: ఆఖరి రెండడుగులు

మొదటి పాఠంలో "దా" అనే మాటకు విలువ తెచ్చాం. ఇంట్లో, ఒకే గదిలో "దా" అనడం, ఒక్క క్షణం ఆగి తాయిలం పెట్టడం, అంతే. రోజుకు మూడు విడతలు, విడతకు అయిదారుసార్ల చొప్పున వారం పాటు చేశారనుకుందాం. ఇప్పుడో చిన్న పరీక్ష. కుక్క నేల వాసన చూస్తూనో, కిటికీలోంచి బయటికి చూస్తూనో ఉన్నప్పుడు మామూలు గొంతుతో ఒకే ఒక్కసారి "దా" అనండి. చటుక్కున తల తిప్పి మీవైపు కదిలితే ఈ పాఠం మొదలుపెట్టవచ్చు. చెవి మాత్రం కదిపి ఊరుకుంటే ఇంకో నాలుగు రోజులు పాత పాఠమే చేయండి.

ఈ పరీక్షలో తప్పడానికి తరచుగా కనిపించే కారణం మన చెయ్యే. మాట నోట్లోంచి రాకముందే చెయ్యి తాయిలాల సంచిలోకి పోతుంది. కుక్క ఆ చేతినే చదువుకుంటుంది, మాటను పట్టించుకోదు. అందుకే చేతులు రెండూ కదలకుండా పెట్టుకుని మాట అనాలి, ఆ తర్వాతే సంచి తాకాలి.

ఇక అసలు విషయం. పిలవగానే ఉత్సాహంగా పరుగెత్తుకొచ్చిన కుర్ర కుక్క సరిగ్గా చేతికందే దూరంలో ఆగిపోతుంది. మెడ చాపి తాయిలం అందుకుంటుంది కానీ వెనక కాళ్ళు మాత్రం దూరంగానే నాటుకుని ఉంటాయి. మెడ బెల్టు కోసం చెయ్యి చాపితే వెనక్కి జారుకుంటుంది. ఇది మొండితనం కాదు, పొగరు అంతకన్నా కాదు. పైనుంచి వచ్చిన చెయ్యి దానికి ఇంతవరకూ పట్టుకోవడం, కట్టేయడం, బండెక్కించడం తప్ప ఇంకేమీ చూపించలేదు. ఎవరూ కొట్టని కుక్క కూడా ఇది నేర్చుకుంటుంది, ఎందుకంటే బెల్టు పట్టుకున్న ప్రతిసారీ దాని ఆట ముగుస్తుంది. చేరదీసిన కుక్కలో ఆ జ్ఞాపకం ఇంకాస్త లోతుగా ఉండవచ్చు. పిలిస్తే రావడం అంటే ఎదురుగా వచ్చి నిలబడడం కాదు, మన రెండు వేళ్ళు బెల్టు కిందికి వెళ్ళినా నిశ్చింతగా ఉండడం. రోడ్డు పక్కన ప్రాణం కాపాడేది ఈ ఆఖరి రెండడుగులే. మిగతా వాటికంటే వీటికే ఎక్కువ సమయం ఇవ్వండి.

ముందు మన ఒళ్ళు సరిచూసుకుందాం. కుక్కకు ఎదురుగా నిటారుగా నిలబడి మీదికి వంగితే అది ఆగుతుంది. కాస్త పక్కకు తిరిగి ఒక మోకాలు నేలకు ఆన్చి కూర్చోండి. కళ్ళలోకి సూటిగా చూడొద్దు. తాయిలం చెయ్యి చాపి ఇవ్వకుండా మీ పిక్కకు ఆనించి పట్టుకోండి. తాయిలం ఎక్కడ దొరికితే కుక్క అక్కడికే రావడం నేర్చుకుంటుంది. చెయ్యి చాపి ఇస్తే మూరెడు దూరంలో ఆగడం మీరే నేర్పినట్టు.

ఇప్పుడు బెల్టు అభ్యాసం. దీనికి "దా" వాడొద్దు. కుక్క తనంతట తాను మీ దగ్గర ఉన్నప్పుడు చేయండి. ఖాళీ చేతిని గడ్డం కిందుగా, నెమ్మదిగా తీసుకెళ్ళి జానెడు దూరంలో ఆపండి, వెంటనే రెండో చేత్తో తాయిలం పెట్టి మొదటి చెయ్యి వెనక్కి తీసుకోండి. చెయ్యి కదలడం ముందు, తాయిలం తర్వాత. ఈ వరుస తలకిందులైతే తాయిలం ఎర అవుతుంది, కుక్కకు అనుమానం పెరుగుతుంది. పదిసార్లలో ఎనిమిదిసార్లు తల వెనక్కి లాక్కోకుండా ఉంటే ముందుకు వెళ్ళండి. వేళ్ళ వెనక వైపుతో గడ్డాన్ని తాకడం, తర్వాత ఒక్క వేలితో బెల్టును తాకడం, ఆ తర్వాత రెండు వేళ్ళు బెల్టు కిందికి పోనిచ్చి ఒక్క సెకను పట్టుకోవడం. చివరికి అయిదు సెకన్లు పట్టుకుని, మీవైపు వీసమంత లాగి, తాయిలం పెట్టి వదలడం. ఒక విడత రెండు నిమిషాలు దాటకూడదు. కుడిచేత్తో కుదిరాక ఎడమచేత్తో మళ్ళీ మొదటి నుంచి చేయండి, కుక్కకు అవి రెండు వేర్వేరు సంగతులు. బెల్టు కింద రెండు వేళ్ళు సులువుగా దూరేంత వదులు ఉందో లేదో ముందే చూసుకోండి.

చేస్తున్నంతసేపూ దాని ముఖం మీదే గమనం ఉండాలి. నోట్లో ఏమీ లేకపోయినా ముక్కు నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవులించడం, తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, ముందు కాలు ఒకటి పైకెత్తి ఉంచడం, ఇవన్నీ "ఇక చాలు" అనే మాటలే. ఏది కనిపించినా ఒక మెట్టు వెనక్కి వెళ్ళండి. గుర్రుమంటే తిట్టొద్దు. గుర్రుమనడం మాన్పించిన కుక్క చెప్పకుండా కరుస్తుంది. దగ్గరికి చెయ్యి పోయినప్పుడల్లా బిగుసుకుపోతున్నా, కరవబోయినా ఈ అభ్యాసం ఆపి పశువైద్యుడికి చూపించండి. చెవి నొప్పి, మెడ నొప్పి ఉన్న కుక్క కూడా ఇలాగే చేస్తుంది.

అయిదు సెకన్ల పట్టు కుదిరాక రెండూ కలపండి. "దా", కుక్క వచ్చింది, వేళ్ళు బెల్టు కింద, తాయిలం, ఆ వెంటనే "పో" అని వదిలేయడం. ఈ వదలడమే చాలామంది మరిచిపోతారు. పదిసార్లు పిలిస్తే కనీసం తొమ్మిదిసార్లు కుక్కను తన పనికి తిరిగి పంపించాలి. పిలుపు ఆటకు ముగింపు కాదు, ఆట మధ్యలో దొరికే విందు అని దానికి నమ్మకం కుదరాలి. స్నానం, గోళ్ళు కత్తిరించడం, మందు వేయడం, కట్టేయడం, వీటికి "దా" అనడం మానేయండి. మీరే దాని దగ్గరికి వెళ్ళి తీసుకురండి. దగ్గరికి వెళ్తే మంచం కిందికి దూరే కుక్క అయితే, మీరు పక్కనే ఉన్న సమయంలో మీటరు పొడవున్న తేలికపాటి తాడును దానికి తగిలించి ఈడ్చుకు తిరగనివ్వండి. పట్టుకోవడానికి ఉండే ఉచ్చు కత్తిరించేయండి, లేకపోతే కుర్చీ కాళ్ళకు తగులుకుంటుంది. అప్పుడు మెడ మీద చెయ్యి వేయకుండా తాడు కొస ఎత్తితే చాలు.

తాయిలం బఠాణీ గింజంత ఉండాలి. మెత్తగా, నమలకుండా మింగేటట్టు ఉండాలి. ఎముకలు, ఉప్పు, మసాలా లేని ఉడికించిన కోడిమాంసం చాలా కుక్కలకు పనిచేస్తుంది. ఒక పెద్ద ముక్క కంటే నాలుగైదు చిన్న ముక్కలు ఒకదాని వెంట ఒకటి ఇవ్వండి, మీ కాళ్ళ దగ్గర అది గడిపే సమయం పెరుగుతుంది. రోజు తిండిలో పదో వంతుకు మించనివ్వకండి, ఆ మేరకు గిన్నెలో తగ్గించండి. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే ఒక తీపి) కలిపిన పదార్థాలు కుక్కకు విషం.

గదిలో కుదిరినది పక్క గదిలోంచి, ఆ తర్వాత ఇద్దరు మనుషుల మధ్య చేయండి. మూడు మీటర్ల దూరంలో ఇద్దరూ కూర్చుని వంతులవారీగా పిలవాలి. ఒకరు పిలుస్తుంటే రెండోవారు కదలకూడదు, నవ్వకూడదు, తాయిలం చూపకూడదు. రెండు మూడు రోజుల్లో కుక్క మీ వంతులు కనిపెట్టి, పిలవకముందే పరుగెత్తడం మొదలుపెడుతుంది. అప్పుడు వంతు తప్పించి పిలవండి.

బయట పొడవాటి తాడు కావాలి. ముందు 5 మీటర్లది, అలవాటయ్యాక 10 మీటర్లది. దాన్ని మెడ బెల్టుకు ఎప్పుడూ తగిలించకండి. పరుగు వేగంలో తాడు బిగుసుకుంటే మెడకు దెబ్బ తగులుతుంది. వీపు మీద కొక్కెం ఉన్న హార్నెస్ (ఛాతీ చుట్టూ, వీపు మీదుగా తొడిగే పట్టీ) వాడండి. తాడులో ముడులు ఉండకూడదు. వేళ్ళకు, మణికట్టుకు చుట్టుకోవద్దు, చేతికి గ్లవుజు వేసుకోండి, అరచేతిలోంచి జారే తాడు చర్మాన్ని కాలుస్తుంది. తనంతట తాను చుట్టుకునే పట్టీ ఇక్కడ పనికిరాదు, అది ఎప్పుడూ బిగువుగా లాగుతూ ఉంటుంది. మనకు కావలసింది నేల మీద వదులుగా పడి ఉండే తాడు. ఈ తాడు కుక్కను లాగడానికి కాదు, పారిపోకుండా అడ్డుకోవడానికి మాత్రమే.

మనుషులు, ఇతర జంతువులు తిరగని ఆవరణలో మొదలుపెట్టండి. కుక్క ఏదో వాసనలో మునిగి ఉన్నప్పుడు పిలవకండి. వాసన చూసి తల ఎత్తే క్షణం ఒకటి ఉంటుంది, అప్పుడు పిలవండి. వస్తుందన్న నమ్మకం మీకే లేకపోతే ఆ మాట అసలు అనకండి. పిలిచాక రాలేదా, రెండోసారి పిలవొద్దు. మూడు సెకన్లు ఆగి, తాడు చేతిలోకి కూర్చుకుంటూ దాని దగ్గరికి నడవండి, ముక్కు దగ్గర తాయిలం చూపించి రెండడుగులు మీ వెంట రప్పించండి, ఒక్క ముక్క పెట్టండి. తర్వాతి పిలుపు సగం దూరం నుంచి. వరుసగా రెండుసార్లు తప్పితే ఆ రోజుకు ఆపేయండి. తాయిలాన్ని అసలు ముట్టకపోతే భయపడుతోందనో, చుట్టూ హడావిడి ఎక్కువైందనో అర్థం. తిండి మార్చకండి, చోటు మార్చండి.

పొరపాటున తాడు జారిపోతే వెంటపడకండి, వెంటపడితే దానికి అది ఆట అవుతుంది, లేదా భయం అవుతుంది. కుక్క నుంచి దూరంగా, వ్యతిరేక దిక్కుకు పరుగెత్తండి, కొంచెం దూరం పోయి కూలబడి నేలను గీకుతూ ఏదో దొరికినట్టు మాట్లాడండి. ఎంత ఆలస్యంగా వచ్చినా తాయిలం ఇవ్వాల్సిందే. ఆ సమయంలో పడిన తిట్టు పారిపోయినందుకు కాదు, వచ్చినందుకు పడినట్టే దానికి లెక్క.

అంతా కుదిరిందనుకున్నాక ఒక్కసారిగా వినడం మానేస్తే కుక్క వయసు చూడండి. 2020లో బయాలజీ లెటర్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, అయిదో నెలలో కంటే ఎనిమిదో నెలలో కుక్కలు తమను చూసుకునే మనిషి "కూర్చో" అంటే తక్కువగా విన్నాయి. కొత్త మనిషి చెప్తే మాత్రం ఆ తగ్గుదల లేదు. ఈడొచ్చే వయసు అది, గడిచిపోతుంది. గొంతు పెంచకుండా 5 మీటర్ల తాడుకు తిరిగి వెళ్ళండి, మెత్తటి తాయిలం పెంచండి.

ప్రతి విడతకూ ఒక కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి: ఎన్నిసార్లు పిలిచారు, ఎన్నిసార్లు వచ్చింది, ఎన్నిసార్లు బెల్టు పట్టుకోనిచ్చింది. చాలా ఇళ్ళలో రెండో అంకె బాగుంటుంది, మూడోదే వెనకబడుతుంది. మూడు వేర్వేరు చోట్ల, 10 మీటర్ల తాడు మీద, మూడో అంకె పదికి తొమ్మిది అయినప్పుడు 3వ పాఠానికి రండి. అందులో ఇంకో కుక్క కనిపించినప్పుడు పిలవడం ఉంటుంది. అప్పటిదాకా బయట తాడు విప్పకండి.