మీ డ్వార్ఫ్‌ల కొండలో పొగ ఎటు పోతుంది?

ఆరేళ్లుగా శనివారం రాత్రుళ్లు నలుగురు స్నేహితులను కూర్చోబెట్టుకుని రోల్‌ప్లేయింగ్ ఆట, అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్రయి కథలో తిరిగే పాచికల ఆట, నడిపిస్తున్నాను. కథ చెప్పేది నేను, దాన్ని పాడుచేసేది వాళ్లు. డ్వార్ఫ్‌లంటే కాల్పనిక కథల్లో కొండల లోపల బతికే పొట్టి, గడ్డాల జాతి, గనులూ కొలుములూ వాళ్ల పని. నేను కట్టిన మొదటి డ్వార్ఫ్ నగరం పావుగంట కూడా నిలవలేదు. కొండ కడుపులో సభామండపం, నూరు కొలుములు, గోడల మీద ఎర్రటి వెలుగు, గడ్డాలకు బంగారు కడియాలు... గొంతు బరువు చేసుకుని వర్ణిస్తున్నాను. ఒకడు పాచికలు గిలకొట్టడం ఆపి, "నూరు కొలుముల పొగ ఎటు పోతోంది?" అన్నాడు. "పైకి" అన్నాను. "పైన రాయి కదా" అన్నాడు. ఆ రాత్రి ఇంకేం ఆడలేదు.

ఆ ప్రశ్న వెంటపడి గనుల గురించి దొరికినదల్లా చదివాను. డ్వార్ఫ్‌ల సమాజాన్ని గడ్డం, గొడ్డలి, కల్లుకుండలతో మొదలుపెడితే మిగిలేది వేషమే. కొండలో బతకాలంటే ఏం కావాలో ముందు తేల్చుకుంటే వాళ్ల కులాసా, కోపం, చట్టం, పండగ వాటంతటవే వస్తాయి. నవల రాసేవాళ్లకూ ఆట నడిపేవాళ్లకూ ఇదే పద్ధతి.

ముందు ఒక మాట. డ్వార్ఫ్‌ను తెలుగులో నేను "మరుగుజ్జు" అనను. మన మధ్య బతికే మనుషులను ఎత్తిపొడవడానికి అరిగిపోయిన మాట అది. కథలో డ్వార్ఫ్ వేరే జాతి, వాళ్ల విషయంలో పొట్టిదనం అన్నిటికన్నా చిన్న సంగతి.

గాలితో మొదలుపెట్టండి

కాగితం మీద కొండ గీయండి. అడుగున ఒక ద్వారం, శిఖరం దగ్గర ఒక బిలం పెట్టి, రెంటినీ సొరంగాలతో కలపండి. కొండ లోపల, మరీ లోతుకు పోకుండా ఉన్నంతవరకు, రాయి ఏడాది పొడవునా దాదాపు ఒకే వేడిలో ఉంటుంది. చలికాలంలో బయటకంటే లోపలి గాలి వెచ్చన, కాబట్టి తేలిక. అది పై బిలంలోంచి బయటికి పోతుంటే, కింది ద్వారంలోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. ఎండాకాలంలో ఇదంతా తలకిందులు. లోపలి గాలే చల్లన, బరువు, అది కింది ద్వారంలోంచి జారిపోతే కొత్తగాలి పైనుంచి దిగుతుంది. మంత్రం లేదు, యంత్రం లేదు. పాత గనులు చాలావరకు ఇలాగే ఊపిరి తీసుకునేవి.

ఇప్పుడు ఆ కొండలో ఎవరు ఎక్కడ ఉంటారో చూడండి. చలికాలంలో తాజా గాలి ముందు తగిలేది కింది అంతస్తుల వాళ్లకు. పైవాళ్లకు చేరేసరికి అందులో కొలిమి పొగ, వంట పొగ, పశువుల వాసన, పదివేల మంది వదిలిన ఊపిరి కలిసిపోయి ఉంటాయి. ఎండాకాలంలో ఆ గతి కిందివాళ్లకు. అందుకని నా నగరంలో కలిగిన కుటుంబాలకు రెండేసి ఇళ్లు. గాలి తిరిగినప్పుడు మూటలు కట్టుకుని మెట్లెక్కుతారు, మళ్లీ తిరిగితే దిగుతారు. ఒకే ఇల్లున్నవాడు ఆరు నెలలు దగ్గుతాడు. ఆ దగ్గు వింటే చాలు, మనిషి స్థితి తెలిసిపోతుంది. వాళ్ల భాషలో గొప్పింటివాణ్ని "రెండు గుమ్మాలవాడు" అంటారు.

అసలు విషయం ఈ రెండు కాలాల మధ్యన ఉంది. బయటి వేడి, లోపలి వేడి సమానమైన కొన్ని రోజులు గాలి కదలదు. ఆ రోజుల్లో కొలిమి వెలిగిస్తే చావే. అందుకని ఏడాదికి రెండుసార్లు కొండ మొత్తం నిప్పు ఆర్పుకుని కూర్చుంటుంది. చీకట్లో చద్దికూడు, మెల్లగా మాటలు, పెళ్లి సంబంధాలు, పాత తగాదాల తీర్పులు. నేను ప్రత్యేకంగా పండగ కల్పించనక్కర్లేకపోయింది, కొండే ఇచ్చింది.

ఆ రోజులు ఎప్పుడు మొదలయ్యాయో చెప్పాల్సినవాళ్లు ఒకరుండాలి కదా. ప్రతి సొరంగం కూడలిలో పైకప్పు నుంచి ఒక ఉన్నిదారం వేలాడుతుంది. దాని పక్కన ముక్కాలిపీట మీద గాలికావలి కూర్చుని ఉంటుంది. దారం ఎటు వాలిందో, ఎంత వాలిందో గంటకోసారి పలక మీద గీస్తుంది. పిల్లలు దారాన్ని ఊదితే చెవి మెలేస్తుంది. దారం నిటారుగా నిలిచిందా, రాజు కొలిమైనా సరే ఆర్పించే అధికారం ఆమెది.

"ఆమె" అన్నది ఊరికే కాదు. 1556లో అచ్చయిన, జర్మన్ పండితుడు అగ్రికోలా రాసిన గనుల గ్రంథంలో ఒక వాక్యం ఉంది: కార్పాతియన్ కొండల గనుల్లో ఏడుగురు భర్తలను చేసుకుని, ఏడుగురినీ ఊపిరితిత్తుల జబ్బుకు పోగొట్టుకున్న ఆడవాళ్లు కనిపిస్తారని. రాతిదుమ్ము చేసే పని అది. చదివి పుస్తకం మూసేశాను. డ్వార్ఫ్ ఆడవాళ్లకు గడ్డాలుంటాయా అని గంటలకొద్దీ వాదించుకుంటాం గానీ, ఇలాంటి ఊళ్లో వాళ్ల చేతికి ఏం వస్తుందో ఎవరూ అడగరు. నా కొండలో గాలికావలి పని రాతిదుమ్ముకు మొగుణ్ని పోగొట్టుకున్నవాళ్లకే ఇస్తారు. ఆమె మాటకు ఎదురు చెప్పే మొనగాడు లేడు.

ఆ పుస్తకంలోనే ఇంకో సంగతి. రోజును ఏడేసి గంటల మూడు షిఫ్టులుగా పంచుకునేవాళ్లట, మిగిలిన మూడు గంటలు మనుషులు మారడానికి. పని బరువు తెలియకుండా పాడుకునేవాళ్లట. సూర్యుడు కనిపించని చోట కాలం కొలవడానికి ఇంతకన్నా ఏం కావాలి? నా డ్వార్ఫ్‌లు "పొద్దున", "సాయంత్రం" అనరు, "రెండో పాట మధ్యలో" అంటారు.

నీళ్లు, వేడి

వీటి మీద ఎక్కువ సేపు కూర్చోకండి, రెండు అంకెలు చాలు. పీల్చే పంపు ఎంత గొప్పదైనా నీటిని పది మీటర్లకు మించి ఎత్తలేదు. కాబట్టి లోతైన గనిలో పంపులు మెట్లమెట్లుగా ఉంటాయి, ఒకటి ఆగితే కిందివన్నీ మునుగుతాయి. సమ్మె కట్టే కథ కావాలంటే ఇక్కడే ఉంది. రెండోది, కిలోమీటరు లోతుకు వెళ్తే రాయి వేడి సుమారు పాతిక ముప్పై డిగ్రీలు పెరుగుతుంది. దక్షిణాఫ్రికాలోని ఎంపొనెంగ్ బంగారు గని నాలుగు కిలోమీటర్ల దాకా దిగింది, అక్కడ రాయి అరవై డిగ్రీలు దాటి కాలుతుంది. "అడుగులేని లోతుల్లో చల్లటి మందిరాలు" అని రాయబోతే చేయి ఆపుకోండి.

తిండి, బొగ్గు

పుట్టగొడుగులు తిని బతుకుతారని రాసి చేతులు దులుపుకోవడం కుదరదు. నేనూ అలాగే రాశాను. పుట్టగొడుగు తన తిండి తను చేసుకోదు, దానికి కుళ్లిన కట్టో పేడో కావాలి, అవి బయటినుంచే రావాలి. ఇంకా పెద్ద చిక్కు కొలిమిది. ఇనుము తీయాలంటే కట్టెబొగ్గు కావాలి, పాతకాలపు బట్టీలో కిలో బొగ్గుకు నాలుగైదు కిలోల కట్టె పోతుంది. కొండలో రాక్షసిబొగ్గు ఉంది కదా అంటారేమో. నేరుగా వాడితే అందులోని గంధకం ఇనుమును పెళుసు చేస్తుంది. దాన్ని గాలి తగలకుండా కాల్చి కోక్ అనే శుద్ధమైన బొగ్గుగా మార్చి ఇంగ్లండ్‌లో అబ్రహాం డార్బీ ఇనుము కరిగించింది 1709లో. మీ డ్వార్ఫ్‌లకు ఆ రహస్యం తెలుసా లేదా అన్నది మీరే తేల్చుకోండి, ఎందుకంటే తెలియకపోతే వాళ్ల జుట్టు అడవివాళ్ల చేతిలో ఉన్నట్టే. ఈ కథల్లో అడవుల్లో ఉండే ఎల్ఫ్ అనే జాతికీ వీళ్లకూ పుట్టుపగ ఎందుకని అడిగితే నేనిప్పుడు చరిత్ర చెప్పను, చెట్ల లెక్క చెప్తాను.

మాట, రాత, అప్పు

పాత నార్స్ (స్కాండినేవియా) కథలో లోకి అనే మాయగాడు, నీ అన్నదమ్ముడు దేవతలకు గొప్ప వస్తువులు చేయలేడని బ్రొక్ అనే డ్వార్ఫ్‌తో తన తల పందెం కాస్తాడు. ఆ వస్తువుల్లో ఒకటైన సుత్తి తయారవుతుంటే ఈగ రూపంలో వచ్చి బ్రొక్ కనురెప్ప మీద కుడతాడు. తిత్తి ఒక్క క్షణం ఆగుతుంది, సుత్తి పిడి పొట్టిదవుతుంది. అయినా పందెం డ్వార్ఫ్‌దే. తల తీసుకోవడానికి వస్తే లోకి, "తల నీదే, మెడ మాత్రం నీది కాదు" అంటాడు. బ్రొక్ చేసేది లేక వాడి పెదాలు కుట్టేస్తాడు.

డ్వార్ఫ్‌ల చట్టం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ఈ కథే చెప్తాను. ఒకసారి మెడ దగ్గర మోసపోయిన జాతి ఒప్పందం ఎలా రాస్తుంది? తలకు హద్దులు రాస్తుంది. నా ఆటలో ఒక గాడిద అద్దెకు రాసిన పత్రంలో తోక ఎవరిదో కూడా ఉంది. మా వాళ్లు నవ్వారు గానీ, మూడు వారాల తర్వాత ఆ తోక మీదే వ్యాజ్యం నడిచింది.

ఆయుష్షునూ ఇక్కడే కలపండి. మూడొందల ఏళ్లు బతికేవాడికి అప్పు తీసుకున్న మనిషి మునిమనవడు వచ్చి "అది మా తాతల నాటి సంగతి" అంటే అర్థం కాదు. సంతకం పెట్టించుకున్నవాడు ఎదురుగా తనే కూర్చుని ఉన్నాడు మరి. డ్వార్ఫ్‌లు పగ మరిచిపోరని అందరూ రాస్తారు. మరిచిపోయేంత కాలం ఇంకా గడవలేదు, అంతే.

ఆటలోకి దించేటప్పుడు

ఇదంతా ఏకరువు పెట్టకండి. నేను రెండోసారి మా వాళ్లను అదే కొండకు తీసుకెళ్లినప్పుడు, కాగడాలతో లోపలికి వస్తుంటే పీట మీది ముసలావిడ లేచి, మాట లేకుండా, ఒక్కో మంటనూ తడిచేత్తో నలిపి ఆర్పిందని మాత్రం చెప్పాను. చీకట్లో తలపైన ఒక దారం, కదలకుండా. మిగతాది వాళ్లే అడిగి తెలుసుకున్నారు, రెండు శనివారాలు పట్టింది.

పొగ సంగతి అడిగినవాడు పోయిన వారం కొత్తది పట్టుకొచ్చాడు: "ఇంత కొండ తొలిచారు కదా, ఆ రాయంతా ఎక్కడ పోశారు?" న్యాయమైన ప్రశ్నే. పగలగొట్టిన రాయి దాదాపు ఒకటిన్నర రెట్లు చోటు తింటుంది. ద్వారం ముందు ఇంకో గుట్ట గీశాను. దాని మీద ఇప్పుడు మనుషుల ఊరొకటి ఉంది. ఆ రాయి మాదేనని నేల అద్దె అడగడానికి డ్వార్ఫ్‌లు పత్రం పట్టుకుని బయల్దేరారు.